టిక్కు లేని పేరు

మార్చి 7, 2021, ఆదివారం

మా అమ్మాయి మహిమ నిరుడు సగం వాడి వదిలేసిన నోట్సు ఇది. ఆమెకు చదువు మీద ఎంత శ్రద్ధో ఈ ఖాళీ పేజీలు చూస్తే తెలుస్తుంది. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

ఈరోజు చర్చిలో ప్రార్థన మనవులు చదివాను. పదకొండేళ్ళ నుంచి ఆ పని నాదే. ఎవరికి జ్వరం, ఎవరి కొడుక్కి ఉద్యోగం కావాలి, ఎవరి బర్రె ఈనాలి, అన్నీ చీటీల మీద రాసి నాకిస్తారు. నేను పుస్తకంలోకి ఎక్కించి ఒక్కొక్కటే గట్టిగా చదువుతాను. ఒక్కో పేరుకీ సంఘమంతా "ప్రభువా ఆలకించు" అంటుంది. చదివిన పేరు పక్కన తారీఖు వేసి పెన్సిల్‌తో టిక్కు పెడతాను. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? "డేవిడ్‌రాజు టిక్కు పెట్టాడంటే పైన దేవుడు విన్నట్టే" అని పాస్టరు ఆశీర్వాదం గారు నవ్వుతుంటారు.

చివర్న దేవమణక్క చీటీ. ఆమె చిల్లకల్లులో జాకెట్లు కుడుతుంది, ప్రతి ఆదివారం ఆటోలో జగ్గయ్యపేట వస్తుంది. "మా తమ్ముడు రూబెన్, ఉగాండా దేశంలో మిషన్ ఆసుపత్రి ల్యాబులో పని. అక్కడికి టీకాలు వచ్చాయట. వాడి క్షేమం కోసం." చదివాను. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ పరిమళ గొంతు వినిపించింది. గట్టిగానే అంది. మిగతా పేర్లకీ అంత గట్టిగా అందా? గమనించలేదు. వచ్చే వారం చూడాలి.

మార్చి 14, ఆదివారం

చూశాను. అన్ని పేర్లకీ ఒకేలా అంది. రూబెన్ పేరుకి మాత్రం కొంచెం నెమ్మదిగా అంది. ఎందుకు నెమ్మదిగా?

మార్చి 18, గురువారం

పరిమళ స్నానానికి వెళ్తే ఫోను మోగింది. నేను చూడలేదు, ఫోనే వెలిగింది. రూబెన్ ఒక ఫొటో పంపాడు. అరచేతిలో టీకా సీసా. కింద మాట: "పూణె నుంచి వచ్చింది. ఇవాళ మొదటి డోసు వేయించుకున్నా. నువ్వు అక్కడ పట్టుకునే సీసా, నేను ఇక్కడ పట్టుకున్న సీసా ఒకటే."

పరిమళ మా ఊరి టీకా కేంద్రంలో నర్సు. రోజూ ఆ సీసాలే పట్టుకుంటుంది. అందులో తప్పేం లేదు. కానీ ఒకటే సీసా అని గుర్తు చేసుకోవలసిన అవసరం ఏమొచ్చింది?

ఒకసారి రాసేసి వదిలేస్తాను. ఇద్దరూ గుంటూరులో ఒకేచోట చదివారు. రూబెన్ వాళ్ళు సంబంధం అడిగారు. మా మామగారు గవర్నమెంటు మాస్టరు కావాలన్నారు. నేను గవర్నమెంటు మాస్టర్ని. పద్దెనిమిదేళ్ళయింది. రూబెన్ ఇంతవరకూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని నేను ఎవర్నీ అడగలేదు.

మార్చి 26, శుక్రవారం

టీకాల ఎగుమతి ఆగిందని పేపర్లో వచ్చింది. నిషేధం అని ఎవరూ అనలేదట, బయటికి పోవడం మాత్రం నిలిచిపోయిందట. కేసులు పెరుగుతున్నాయి కదా, ముందు మనకు.

బడికి వెళ్తూ నందిగామ బస్సులో ఆ వార్త మూడుసార్లు చదివాను. స్టాఫ్‌రూములో గట్టిగా చదివి వినిపించాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు ఇన్నాళ్ళూ దేశాలన్నిటికీ పంచి పెట్టారు, ఇప్పటికి బుద్ధొచ్చింది అన్నాను. తోటి మాస్టరు భవానీప్రసాద్ గారు టీ తాగుతూ విన్నారు. ఆయనకు వత్సవాయి దగ్గర సాగర్ కాలవ చివర పొలం ఉంది.

"డేవిడ్‌రాజు గారూ, అమెరికావోడు టీకాకి కావల్సిన సరుకు మనకి రానీకుండా ఆపాడంట, చదివారా?"

"చదివాను. దుర్మార్గం."

"మరి మనం కిందోళ్ళకి ఆపితే? కాలవకి పైన కట్టేస్తే కింద పొలం ఎట్టా ఎండుద్దో నన్నడగండి, నే చెప్తా."

"మన ఇల్లు కాలుతుంటే పక్కింటికి నీళ్ళు పోస్తామా అండీ?" అన్నాను.

"పొయ్యం. కానీ పోస్తామని మాటిచ్చి, ముందే డబ్బులు కూడా తీసుకున్నాక బిందె దాచేసుకుంటే దాన్నేమంటారు?" అన్నారాయన.

బెల్లు మోగిందన్నాను. బెల్లు నిజంగానే మోగింది.

సాయంత్రం జగ్గయ్యపేట బస్టాండులో దిగి పావుకిలో కాజాలు కొన్నాను. "ఏంటండీ విశేషం?" అంది పరిమళ. ఊరికే అన్నాను. ఆమె కాజా తింటూనే ఫోను చూసి, "పాపం, రూబెన్ వాళ్ళకి రెండో డోసు ఎట్టాగో" అంది. నేను ఇంకో కాజా తీసుకున్నాను. దేశభక్తి ఇంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

ఏప్రిల్ 8, గురువారం

నలభై అయిదు దాటినవాళ్ళందరికీ అన్నారు కాబట్టి నేనూ వేయించుకున్నాను. నాకు నలభై ఆరు. పరిమళ చేత్తోనే. 

సీసాలో పది డోసులని రాసి ఉంటుంది. గాలి బుడగ రాకుండా, చుక్క పోకుండా తీస్తే పదకొండోది కూడా వస్తుంది. అందరికీ రాదు. ఈమెకు దాదాపు ప్రతి సీసాకీ వస్తుంది. వరుసలో పదకొండోవాణ్ణి నేనే అయ్యాను. వెనక ఇంకెవరూ లేరు. సీసా తెరిచాక నాలుగు గంటలే వాడాలి. ఆమె సూదిని వెలుతురుకు పెట్టి, ఊపిరి బిగబట్టి, పిల్లకు కాటుక దిద్దినట్టు తీసింది. అక్కడున్న అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా అనిపించింది. నా భార్య కదా.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"రూబెన్ నేర్పాడండి. చదువుకునే రోజుల్లో. రక్తం తీసేటప్పుడు బుడగ రాకుండా మణికట్టు ఎట్టా తిప్పాలో." ఏమీ దాచకుండా చెప్పింది. ఇప్పటికే తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

ఏప్రిల్ 11, ఆదివారం

మూడు రోజులైనా చెయ్యి నొప్పి తగ్గలేదు. మందు వల్ల కాదని నాకు తెలుసు.

రూబెన్ పేరు చదివాను. టిక్కు పెట్టాను. పెన్సిల్ ముల్లు విరిగింది.

ఏప్రిల్ 21, బుధవారం

బళ్ళు మూసేశారు. రోజంతా ఇంట్లోనే. పరిమళ రోజంతా టీకా కేంద్రంలోనే.

ఏప్రిల్ 25, ఆదివారం

కేసులు ఎక్కువైపోయి ఆశీర్వాదం గారు చర్చి మూశారు. ఇకనుంచి ఆరాధన ఫోనులోనే. మహిమ నా ఫోనులో అందర్నీ కలిపింది. పరిమళకు ఆదివారం కూడా డ్యూటీ.

ముప్ఫయ్యొక్క చీటీలు. ఇన్ని ఎప్పుడూ లేవు. పెనుగంచిప్రోలులో ఇద్దరు పోయారు. మంచం దొరకనివాళ్ళు, సిలిండరు దొరకనివాళ్ళు. చివరి పేరు రూబెన్‌ది. వాడికి జబ్బు లేదు, జ్వరం లేదు, రెండో డోసు కోసం ప్రార్థించాలట. ఇక్కడ మొదటిదానికే దిక్కు లేదు. ఉగాండాలో సంఘాలు లేవా? వాళ్ళ మనవులు వాళ్ళు చదువుకోరా? ముందు ఇక్కడివాళ్ళకి. మిగిలితే బయటికి.

చదవకుండా పుస్తకం మూశాను. ఆశీర్వాదం గారు దీవెన చెప్పారు. అయిపోయింది. ఒక్క వారమే కదా.

టిక్కు పెట్టలేదు. చదవని పేరుకి టిక్కు పెడితే అబద్ధమవుతుంది. అబద్ధం నాకు చేతకాదు.

మే 2, ఆదివారం

ముప్ఫయ్యెనిమిది చీటీలు. టైము చాలలేదు.

మే 9, ఆదివారం

కూడిక అవగానే దేవమణక్క ఫోను.

"వందనాలు మాస్టారూ. నా ఫోనుకేం మాయరోగమొచ్చిందో, మా రూబెన్ పేరు కాడికొచ్చేసరికి సిగ్నల్ పోతందండి. మూడు వారాలైంది. ముందు పేర్లన్నీ ఇనపడ్డయ్యి, అయ్యగారి దీవెనా ఇనపడింది, మజ్జిన మావాడిదే ఇనపళ్ళా."

"ఈ రోజుల్లో సిగ్నల్ అలాగే ఉందక్కా" అన్నాను.

"ప్రార్థన జరిగిందిగా?"

"జరిగిందక్కా."

జరిగింది. ముప్ఫయ్యారు మందికి జరిగింది. నేను అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. రెండుసార్లు తిప్పి చూసుకున్నాను.

మే 14, శుక్రవారం

రెండో డోసు గడువు పెంచారు. పన్నెండు నుంచి పదహారు వారాలట. పొద్దున్నే కేంద్రం ముందు నిలబడ్డవాళ్ళు పరిమళ మీద విరుచుకుపడ్డారట. "టీకాలు అమ్ముకున్నారంట కదా" అని ఒకాయన వేలు చూపించాడట. ఆమె వచ్చి చేతులు కడుక్కుని గచ్చు మీద కూర్చుని ఏడ్చింది. బయటికి పంపడం ఆపితే ఇక్కడ నిండుతుందనుకున్నాను. రెండు నెలలు కావస్తోంది ఆపి. ఆమె ముందు సీసాలు లేవు.

పక్కన కూర్చుని వీపు నిమిరాను. "రూబెన్ వాళ్ళ దగ్గర కూడా అంతేనంట. ఒక డోసేసి ఆపేశారంట" అంది ఏడుపు మధ్యలో.

నా చెయ్యి వీపు మీద ఆగింది. తీయలేదు, ఆగింది.

రాత్రి అన్నం తింటూ లెక్కేసుకున్నాను. వాడికీ ఒక డోసే, నాకూ ఒక డోసే. ఇప్పుడిద్దరం సమానం. ఇంత దరిద్రమైన ఆలోచన నాకెలా వచ్చిందో. వచ్చింది కాబట్టి రాశాను.

మే 16, ఆదివారం

చదవలేదు.

మే 23, ఆదివారం

దేవమణక్క పక్కింటి డాబా ఎక్కి ఫోను పట్టుకుని నిలబడిందట. అయినా ఆ ఒక్క పేరు దగ్గరే పోయిందట. "దయ్యం పట్టినట్టుంది మాస్టారూ ఈ ఫోనుకి" అని నవ్వింది.

మే 30, ఆదివారం

కొత్త సిమ్ము వేయించిందట. టోల్‌గేటు దగ్గర సిగ్నల్ బాగుంటుందని ఎవరో చెబితే, ఎండలో అక్కడికి నడిచి వెళ్ళి, లారీల పక్కన నిలబడి విన్నదట.

ఈవారం చదువుదామనే కూర్చున్నాను. నిజం. పుస్తకంలో వేలు ఆ పేరు మీదే ఉంది. కానీ ఇన్ని వారాలు వినపడని పేరు ఈరోజు వినపడితే ఆమె ఏమనుకుంటుంది? అనుమానం రాదా? ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఆగాను.

పైవాక్యం కొట్టేయాలనిపించింది. ఉండనీ. నేనెలాంటివాణ్ణో నాకైనా తెలియాలి.

జూన్ 6, ఆదివారం

చదవలేదు. ఏడు.

జూన్ 9, బుధవారం

పరిమళ మధ్యాహ్నమే వచ్చేసింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో చెప్పింది. రూబెన్‌కు జబ్బు చేసింది. అయిదు రోజులైందట. వాళ్ళ ఆసుపత్రిలోనే పడుకోబెట్టారు, ఆక్సిజన్ పెట్టారు. ఆ దేశంలో కేసులు ఒక్కసారిగా పెరిగాయట. రెండో డోసు ఈ నెల మొదట్లో పడాలి, సరుకు రాలేదు.

"రెండోది పడుంటే ఇంత ముదిరేది కాదేమోనండీ" అంది. ఏమో, ఎవరు చెప్పగలరు? నేనైతే చెప్పలేను. మార్చిలో తిన్న కాజాలు గుర్తొచ్చాయి.

అప్పుడడిగింది. "ఆదివారం మనవుల్లో రూబెన్ పేరు చదువుతున్నారుగా?"

"పుస్తకంలో ఉంది" అన్నాను.

ఆమె తలూపి లోపలికి వెళ్ళింది. వాడి కోసం ఆమె మొహం అలా అయిపోయింది. నాకు జబ్బు చేస్తే అలా అవుతుందా? నిరుడు నాకు టైఫాయిడ్ వస్తే అయింది, చూశాను. అయినా ఇవాళ కొత్తగా మండింది. చావుబతుకుల్లో ఉన్నవాడి మీద అసూయ పడేవాణ్ణి ఏమనాలో నాకు తెలిసిన తెలుగులో మాట లేదు.

జూన్ 13, ఆదివారం

వరసగా రాస్తాను. తప్పించను.

పరిమళ డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉండిపోయింది. చాప వేసి నా పక్కనే కూర్చుంది. ఫోను మధ్యలో పెట్టాం. మహిమ అందర్నీ కలిపి వెళ్ళిపోయింది. ఆశీర్వాదం గారు కీర్తన ఎత్తారు. మనవులు మొదలుపెట్టాను. పద్దెనిమిది పేర్లు. ప్రతి పేరుకీ పరిమళ నా చెవి పక్కన ఆలకించు అంటోంది. చివరికి వచ్చాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

"చిల్లకల్లు దేవమణక్క తమ్ముడు రూబెన్. ఉగాండా దేశంలో. ప్రాణాపాయంలో ఉన్నాడు. అతని స్వస్థత కోసం" అని చదివాను.

ఎవరూ ఆలకించు అనకముందే ఫోనులోంచి ఏడుపు.

"ఇనపడింది! మాస్టారూ, ఇనపడిందండీ! ఏడు వారాల్నుంచి మావాడి పేరు కాడికొచ్చేసరికి పోయేది, ఇయ్యాల పోలా! స్తోత్రం ప్రభువా! దేవుడు ఫోను బాగుచేశాడు, మావాణ్ణీ బాగుచేస్తాడు!"

అందరూ స్తోత్రం అన్నారు. ఆశీర్వాదం గారు మాత్రం అనలేదు. పరిమళ కళ్ళు తెరిచింది.

కూడిక అయిపోయాక నా ఒళ్ళోంచి మనవుల పుస్తకం తీసుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "టైము చాల్లేదు కొన్ని వారాలు" అన్నాను. ఆమె ఇంకా ఏమీ అడగలేదు. వారం వారం పేజీలు తిప్పింది. ప్రతి పేరు పక్కనా తారీఖు, టిక్కు. ప్రతి పేజీలో చివరి పేరు పక్కన ఖాళీ. వేలుతో ఏడు ఖాళీలూ తాకింది. దొంగ టిక్కు పెట్టని నా నిజాయితీ ఇందుకు పనికొచ్చింది.

పుస్తకం మూసి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"పదకొండో డోసు ఎవరికేస్తానో నాకు పేరు కూడా తెలీదండీ. ఎవరొస్తే వాళ్ళకి. దాని కోసం చెయ్యి వణక్కుండా పట్టుకుంటా. అది మందు, అయిపోద్ది. మీ దగ్గరుంది వట్టి పేరు. ఎన్నిసార్లు చదివినా తరిగేది కాదు. అది కూడా దాచుకున్నారా?"

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

"రూబెన్‌తో నాకేం లేదని నా అంతట నేను చెప్పను. మీరు నోరు తెరిచి అడిగినప్పుడు చెప్తా" అని లేచి, పుస్తకమూ పెన్సిలూ తీసుకుని లోపలికి వెళ్ళింది.

పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు కూడా అడగలేదు.

జూన్ 16, బుధవారం

రూబెన్ మెసేజి. మొదటిసారి నా ఫోనుకి. "అన్నా, ఆక్సిజన్ తీసేశారు. గంజి తాగుతున్నా. మూడు నెలలుగా ప్రతి ఆదివారం నా పేరు నువ్వే చదువుతున్నావని అక్క చెప్పింది. నీ రుణం ఎట్టా తీర్చుకోవాలి?"

పరిమళకు చూపించాను. ఆక్సిజన్ సంగతి ఆమెకు నిన్ననే తెలుసట. నిన్ననే. అంత సిగ్గులోనూ లోపల చురుక్కుమంది. అది రాయకపోతే ఈ నోట్సుకి అర్థం లేదు.

జూన్ 19, శనివారం

పొద్దున్నే బండి మీద చిల్లకల్లు వెళ్ళాను, చెప్పేద్దామని. దేవమణక్క మిషను ఆపి స్టూలు తుడిచి వేసింది. టీ ఇచ్చింది. జాకెట్టు ముక్కలతో కుట్టిన మాస్కులు పన్నెండు నా చేతిలో పెట్టింది. "మీ నోరు మంచిది మాస్టారూ. మీరు సదివిన వారమే మావాడు లేచి కూర్చున్నాడు" అంది. మాస్కులు తీసుకుని వచ్చేశాను. చెప్పలేదు.

పరిమళ వాటి వైపు చూసింది. "చెప్పారా?" అంది. లేదన్నాను.

జూన్ 20, ఆదివారం

ఈవారం చీటీలన్నీ తనే ఎక్కించి, కూడికకు పది నిమిషాల ముందు పరిమళ పుస్తకం నా చేతికిచ్చింది. చాప మీద పక్కనే కూర్చుంది. పద్నాలుగు పేర్లు. పదమూడోది రూబెన్‌ది. చదివాను, అందరూ ఆలకించు అన్నారు. పద్నాలుగోది ఏ చీటీలోదీ కాదు. పరిమళ సొంతంగా రాసింది, గుండ్రంగా, టీకా కార్డుల మీద రాసినట్టు.

"డేవిడ్‌రాజు. దేవమణక్కకి ఒక నిజం చెప్పే ధైర్యం కోసం."

ఆమె నా వైపు చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఫోనులో అందరూ కాచుకుని ఉన్నారు. ఎవరిదో కోడి కూసింది. వదిలేయవచ్చు. వదిలేయడం నాకు బాగా అలవాటైన పని, పుస్తకం మూస్తే ఆశీర్వాదం గారు దీవెన చెబుతారు.

చదివాను. నా పేరు నా నోటితో.

అందరికంటే ముందు దేవమణక్క గొంతే వచ్చింది. "ప్రభువా ఆలకించు." తర్వాత ఒక్కొక్కరే.

అప్పుడు చెప్పాను. ఏడు ఆదివారాలు నేనే చదవలేదక్కా, సిగ్నల్ పోలేదు అని. కారణం కూడా చెప్పాను. కడుపుమంట అని. ఎవరి మీదో చెప్పలేదు, కానీ చిన్న ఊళ్ళో అది చెప్పనక్కర్లేదు. పరిమళ కిటికీలోంచి చూపు తిప్పి నన్ను చూసింది.

దేవమణక్క ఫోను పెట్టేసిందనుకున్నాను. దూరంగా లారీ హారను వినిపించింది. ఈరోజు కూడా టోల్‌గేటు దగ్గరే నిలబడి ఉంది.

"అయితే నా ఫోను మొదట్నుంచీ మంచిదేనన్నమాట మాస్టారూ" అంది.

అంతే. తిట్టలేదు. ఆ తర్వాత పెట్టేసింది.

నా పేరు పక్కన ఇంకా టిక్కు లేదు. పెన్సిల్ పరిమళ దగ్గర ఉంది.